యాంటెన్నాకు కట్టిన దిష్టిదారం

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లుగా గుండెల్లో బరువుగానే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

తొంభైల్లో, కర్ణాటక సరిహద్దులోని పావగడ తాలూకాలో వానలు మొహం చాటేసిన రోజులు. మంగళవాడ దగ్గర గుట్ట మీద భూకంపాలను నమోదు చేసే గది ఒకటి ఉండేది. ఉపగ్రహాల నుంచి కచ్చితమైన సమయాన్ని అందుకునే యంత్రాన్ని అక్కడ బిగించే పని నాది. యాంటెన్నాను కప్పు మీద నిలబెట్టాక, యంత్రం తానున్న చోటును తానే కొలుచుకునేదాకా ఒక పగలూ రాత్రీ ఆగాలి. ఆ తర్వాతే పరీక్ష. నేను ఆగలేదు. ఎండకు విసుగొచ్చి, అంతకుముందు దాన్ని బిగించిన వేరే ఊరి కొలతలే దానిలో ఉంచేసి, అన్నీ సరిచూశానని కాగితం మీద సంతకం పెట్టి, వై.ఎన్.హొసకోటలోని మా ఇంటికి బస్సెక్కాను.

వారం తిరక్కుండా ఎర్రదీపం. యంత్రం ఒకసారి ఉపగ్రహాలను పట్టుకునేది, మరోసారి వదిలేసేది. పై అధికారి నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఉత్తరాది మనిషి, తెలుగూ కన్నడమూ రావు. కప్పెక్కి చూస్తే యాంటెన్నా గొట్టానికి నల్లదారం. కాపలా ఉండే తిమ్మప్పను పిలిచాడు. శెనక్కాయ పంట ఎండిపోయి, ఆ జీతంతోనే ఇల్లు నడుపుకుంటున్న యాభై ఏళ్ల మనిషి.

“కొత్త మిషను కదప్పా, దిష్టి తగుల్తాదని కట్టినా. ఇంకేమీ ముట్టుకోలేదు. నువ్వు చెప్పు సారుకి, మీ ఊర్లోనూ కడ్తారు కదా,” అన్నాడు తిమ్మప్ప నాతో.

నేను హిందీలో అధికారికి చెప్పాను: “తనే కట్టానని ఒప్పుకుంటున్నాడు సార్. ఇంకా ఏమేం కదిపాడో.”

మొదటి ముక్క నిజమే. రెండోది? దారం ఉపగ్రహానికి అడ్డురాదని నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ క్షణంలో అతణ్ణి నిజంగానే అనుమానించాలని చూశాను, ఏ తీగైనా లాగాడేమో, ఏ మీటైనా నొక్కాడేమో అని, ఎందుకంటే అతనిలో దోషి దొరికితే నన్నెవరూ వెతకరు.

ఆ రోజే తిమ్మప్పను పనిలోంచి తీసేశారు. మర్నాడు నేనొక్కణ్ణే ఒక పగలూ రాత్రీ అక్కడే ఉండి కొలత మొదటినుంచీ చేయించాను. పచ్చదీపం వెలిగింది. వాడు పోగానే బాగైంది చూశావా అన్నాడు అధికారి. తలూపాను.

అప్పట్నుంచీ ఎవరు గుసగుసలాడినా నా గురించేనని అనుమానం. తిమ్మప్పకు హిందీ అర్థమైందా? ఊళ్లో చెప్పేశాడా? నలుగురూ నవ్వుకుంటున్నారా?

రెండేళ్లకు హొసకోట బస్టాండులో కనిపించాడు. మూటలతో, పెళ్లాంతో బెంగళూరుకు కూలికి పోతున్నాడు. తప్పుకోబోయాను. తనే పలకరించాడు.

“మిషను బాగుండాదాప్పా?”

“బాగుండాదన్నా.”

“అంతే సాలు. నా వల్ల చెడిపోయిందని శానా బాధపడినా.”

ఎత్తిపొడుపేమోనని అతని కళ్లలోకి చూశాను. కాదు. పాపం, నమ్మేశాడు. బస్సు కదలడానికి ఇంకా చాలాసేపుంది. నేను పక్కనే నిలబడ్డాను, టీ కూడా తాగాం. చెప్పలేదు.

చెడగొట్టింది నేనే, తిమ్మప్పన్నా.