బురద కాళ్లతో వచ్చిన ఓట్లు

నా చిన్నప్పుడు బడి గేటు లోపలికి నేను అడుగు పెట్టింది ఒక్కసారే, అదీ చదువుకోవడానికి కాదు. ఓట్ల రోజు మా నాయనమ్మ వెంట పోయాను. అక్షరాలు నాకు నలభై దాటాక రాత్రిబడిలో వచ్చాయి. ఇప్పుడు పేపరు చదువుతాను, సంతకం పెడతాను. అయినా బడి అంటే నాకు పలక గుర్తుకు రాదు, ఆ గేటే గుర్తుకొస్తుంది.

మాది ఇబ్రహీంపట్నం పక్కన చిన్న పల్లె. ఓటుకు ఇబ్రహీంపట్నం బడికే నడిచి పోవాలి. అవి యాసంగి నాట్ల రోజులు. సరిగ్గా ఆ రోజే చెరువు నీళ్ల వంతు పటేలు మడికి వచ్చింది. నారు పీకి కట్టలు కట్టి పెట్టారు, ఆ పొద్దు నాటకపోతే వాడిపోతుంది. పటేలు చెడ్డవాడేం కాదు. ఓటు వేయొద్దని ఎవరికీ చెప్పలేదు. తన ఓటు పొద్దున్నే వేసి వచ్చి, నాటు కాగానే మీరూ పోండి అన్నాడు. నాటు ఎప్పటికి అవుతుందో ఆయనకూ తెలుసు, నాటే మా అమ్మకూ తెలుసు.

అంతకుముందు ఓట్లప్పుడు కూడా ఇట్లాగే అయిందట. మడిలోంచి గట్టెక్కి ఆడవాళ్లంతా పోయేసరికి గేటు మూసేశారట. మా అమ్మకు అది మొదటి ఓటు. గేటు ఊచలు పట్టుకొని కాసేపు చూసి, వెనక్కి వచ్చేసిందట. ఈ సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నాయనమ్మే చెప్పింది. మోకాళ్లు పోయి నాయనమ్మ నాట్లు మానుకుంది కాబట్టి ఈసారి ఆమెకు తీరిక ఉంది. మధ్యాహ్నం జొన్న గట్క తిని, నన్ను తోడు తీసుకొని బయలుదేరింది.

బడి ఆవరణలో మనుషుల వరుస వంకర్లు తిరిగి ఉంది. అంతమంది జనాన్ని నేను జాతరలో తప్ప చూడలేదు. కానీ జాతరలో తోసుకుంటారు, ఇక్కడ ఎవరూ ఎవరినీ తోయడం లేదు. లోపలికి పోదామంటే నాయనమ్మ కదలలేదు. గేటు బయట గోడ నీడన కూర్చొని చెరువు కట్ట వైపే చూస్తూ ఉంది. పొద్దు వాలింది. గేటు దగ్గర పోలీసాయన పొద్దుటి నుంచి నిలబడి అలసిపోయాడేమో, రోడ్డు మీద ఎవరూ కనబడక ఒక రెక్క మూశాడు, రెండోది పట్టుకున్నాడు. అప్పుడు లేచింది నాయనమ్మ. సరిగ్గా గేటు సందులోకి వచ్చి, కాలు పట్టుకొని కూలబడింది.

"అవ్వా, లోపలికన్నా రా, బయటికన్నా పో. గేటు ఎయ్యాలె" అన్నాడు ఆయన.

"ముల్లు ఇరిగింది బిడ్డా. జరసేపు ఆగు."

"గీ రోడ్డు మీద ముల్లు యాడిదే?"

"బూట్లేసుకున్నోనికి ఏం ఎరుక?"

నేను నిజంగానే భయపడి ఆ పాదం ఒళ్లో పెట్టుకొని వెతికాను. ముల్లు లేదు. ఆ మాట చెప్పబోయేసరికి నా తొడ మీద గట్టిగా గిల్లింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా పనికొచ్చింది, ఏమైందని లోపల్నుంచి ఆఫీసరు బయటికి వచ్చాడు. వాచీ చూసుకొని, ఇంకా టైముంది, గేటు అప్పుడే ఎందుకు వేస్తున్నావని పోలీసాయన్ని అడిగి వెళ్లిపోయాడు.

అంతలో వాళ్లు వచ్చారు. మా అమ్మ, ఆమె తోటివాళ్లు, కొంగులు నడుముకు చెక్కుకొని, మోకాళ్ల దాకా బురదతో ఉరుకుతూ వచ్చారు. వచ్చినవాళ్లు లోపలికి రావద్దా? రోడ్డవతల బోరింగు దగ్గర ఆగిపోయారు! బురద కాళ్లతో బడిలోకి ఎట్లా పోతామని మా అమ్మ బోరింగు కొట్టడం మొదలుపెట్టింది. అప్పటిదాకా గొంతు ఎత్తని నాయనమ్మ గట్టిగా అరిచింది.

"కాళ్లు రేపు కడుక్కోవచ్చు. ముందు లోపలికి నడువుండ్రి."

అందరూ ఆమె పక్కనుంచి, కొందరు ఆమెను దాటుకొని లోపలికి పోయారు. చివరి మనిషి పోయాక లేచింది. ముల్లు ఎల్లిందా అని పోలీసాయన అడిగితే, ఎల్లింది బిడ్డా అని ఆయన భుజం పట్టుకొనే నడిచి, అందరి వెనక నిలబడింది. కాసేపటికి గేటు పడింది.

ఆఫీసరు సంతకం చేసిన చీటీలు పట్టుకొని వచ్చాడు. ముందున్నవాళ్లు చేతులు చాపారు. ఆయన వాళ్లందరినీ దాటుకొని తోక దాకా వచ్చి, మొదటి చీటీ నాయనమ్మకు ఇచ్చాడు. వెనక ఎవరూ కలవకుండా చివరి నుంచి ఇస్తామని, చీటీ ఉన్నవాళ్లు ఎంతసేపయినా ఓటు వేసే పోతారని చెప్పాడు. బియ్యమైనా, నీళ్లయినా, ఆఖరికి పలకరింపయినా మావాళ్ల దాకా వచ్చేది చివరికే. ఒక సర్కారు మనిషి అందరినీ దాటుకొని ముందు మా దగ్గరికి రావడం అదే మొదటిసారి చూశాను.

చీకటి పడుతుంటే వరండాలో పెట్రోమాక్స్ దీపం వెలిగించారు. వరుస చీమలాగా కదులుతోంది. అమ్మ కాళ్ల మీద బురద ఎండి పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. పొద్దున తిన్న మనిషి. పటేలు జీతగాడు గేటు బయట బండి ఆపి, ఇప్పుడు ఎక్కితే ఎక్కండి, లేకుంటే చీకట్లో నడిచి రండి అని పిలిచాడు. ఒక్కరు కూడా తల తిప్పలేదు. మా అమ్మే జవాబు చెప్పింది.

"పొద్దంత వంగే ఉన్నం అన్నా. గిప్పుడు జర నిలవడనియ్యి."

బండి వెళ్లిపోయింది. వాళ్లు నిలబడ్డారు. నడుములు పట్టుకొని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని నిలబడ్డారు. ఏదో ఇస్తారని కాదు, ఏదీ ఇవ్వరని వాళ్లకు తెలుసు. అయినా అంత నిమ్మళంగా వాళ్లు నిలబడటం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ ఓటు వేసి వచ్చి, సిరా చుక్క ఉన్న వేలును మిగతా వేళ్లకు తగలకుండా ఎత్తి పట్టుకొని ఇంటిదాకా నడిచింది.

మొన్నటి ఓట్లకు కూడా మిషన్ మొరాయించి జనం గంటలకొద్దీ నిలబడ్డారు. శేరిగూడ కాలేజీలో చదివే నా మనవరాలు చెమటలు తుడుచుకుంటూ విసుక్కుంది. ముసలివాళ్లను ముందు పంపిస్తామంటే నేను కాదనలేదు, నా మోకాళ్లూ పోయాయి. కానీ ప్రతిసారీ గేటు దాటే ముందు ఆగి, వెనక్కి తిరిగి రోడ్డు చూస్తాను. పదమని మనవరాలు చెయ్యి లాగుతుంది. దూరంగా ఎవరైనా ఉరుకుతూ వస్తుంటే, ఆ గేటు సందులో నేను చాలా మెల్లగా నడుస్తాను.