ఉచిత బస్సులో టికెట్టు

మా నగర్తపేట కృష్ణప్ప ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఆయన బస్సులో టికెట్టు లేకుండా ప్రయాణం చేయలేదు. సొంత బావమరిదినే నడిరోడ్డు మీద దింపేసిన మనిషి. ఆ బావమరిది ఇప్పటికీ పండక్కి రాడు.

"రిటైరయ్యి నాలుగేండ్లాయె. ఇంకా నిద్దట్లో 'ముందుకు జరగండప్పా' అంటా ఉండాడు. మంచంలో నేనెక్కడికి జరిగేది?" అంటుంది ఆయన భార్య జయమ్మ.

మొన్న ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు కార్లు తగ్గించాలని మెట్రో స్టేషను నుంచి తోట గేటు దాకా ఉచిత బస్సు పెట్టారు. రెండు రోజులు చూస్తారట. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆఫీసరు వచ్చేసరికి బస్సు నిండుగా ఉంటే ప్రదర్శన అయిపోయేదాకా నడుపుతారు, లేకపోతే రద్దు. జనాన్ని ఎక్కించడానికి సాయం రమ్మంటే కృష్ణప్ప పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ బయల్దేరాడు. తోడుకు నన్నూ లాక్కుపోయాడు.

శనివారం బస్సు ఖాళీ. ఊరికే వస్తుందంటే మనవాళ్లెవరు నమ్ముతారు? కార్లలోనే వచ్చి, గంటన్నర రోడ్డు మీద ఇరుక్కుని, అద్దాల్లోంచి మమ్మల్నే జాలిగా చూశారు. ఎక్కిన నలుగురితోనూ కృష్ణప్ప గొడవ పెట్టుకున్నాడు. చేయి చాచి "టికెట్టు?" అన్నాడు.

"ఫ్రీ కదా అంకుల్" అంది ఒక అమ్మాయి.

"ఫ్రీ అయితే కానీలేమ్మా. టికెట్టేదీ?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, అది ఇంకా మొండిది. కానీ ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు. బండి ఖాళీగా తిరిగితే కండక్టరుకు తలకొట్టేసినట్టేనన్నాడు.

ఆదివారం పొద్దున్నే మా వీధి పెళ్లిపత్రికల ప్రెస్సు నుంచి సంచీడు కత్తిరింపు ముక్కలు తెచ్చాడు. అంచున బంగారు రంగు. ఎక్కినవాళ్లందరికీ తలా ఒకటి, తన పాత పంచు మిషనుతో చిల్లు కొట్టి ఇచ్చి, "బద్రంగా పెట్టుకోండి, చెకింగు వస్తే నాకు తెలీదు" అని బెదిరించాడు.

పక్కన కారులో ఇరుక్కున్న ఒక పిల్ల ఆ మెరిసే ముక్క కావాలని రాగం తీసింది. మహదేవపుర నుంచి వచ్చిన వాళ్ల నాన్న భరత్ కాసేపు బుజ్జగించాడు, కాసేపు కసిరాడు, చివరికి కారు మెట్రో పార్కింగులో పడేసి వచ్చి బస్సెక్కాడు. వెనకాలే ఇంకో నాలుగు కార్లవాళ్లు. మధ్యాహ్నానికి పెద్ద క్యూ. ఉచితమంటే నమ్మని జనం టికెట్టును నమ్మారు. నాకు ఒళ్లు మండింది. అయినా బస్సు నిండింది, అంతే చాలు.

నాలుగూ ముప్పావుకు సంచీలో ముక్కలైపోయాయి. క్యూలో అరవై మంది ఉన్నారు. డ్రైవరు రియాజ్ ఇంజను ఆన్ చేసి కూర్చున్నాడు. ఒక్కరూ ఎక్కరు.

"టికెట్టు లేకుండా ఎక్కి పట్టుబడితే?" అన్నాడు ముందున్న పెద్దాయన.

"ఫ్రీ బస్సండీ!" అని అరిచాను.

"మరి పొద్దుట్నుంచీ అంతమందికి ఎందుకిచ్చారు?"

అంతలో ఆఫీసరు జీపు మలుపులో కనిపించింది.

"అన్నా, నువ్వే చెప్పాల. నీ మాటైతే వింటారు" అన్నాను.

కృష్ణప్ప ముఖం చూస్తే నిజంగా జాలేసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ నోట రాని మాట. పెదవులు తడుపుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"టికెట్టు లేకపోయినా... ఎక్కండప్పా."

బిలబిలమంటూ ఎక్కేశారు. ఆఫీసరు లోపలికి తొంగిచూశాడు. కాలు పెట్టే చోటు లేదు. "ప్రదర్శన అయ్యేదాకా నడపండి" అని చెప్పి వెళ్లాడు. నేను చప్పట్లు కొట్టాను. కృష్ణప్ప మాత్రం ఫుట్‌బోర్డు మీద బయటికి తిరిగి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నీ బస్సు గట్టెక్కిందన్నా! ఇట్లా తిరుగు, అందరూ నిన్నే చూస్తా ఉండారు."

"నువ్వుండప్పా" అన్నాడు తల తిప్పకుండానే. "లోపల అరవై మంది టికెట్టు లేకుండా ఉండారు. తిరిగితే దింపేస్తా."