జడ్జిగారు చదవని వరుస

ఆయన్ని ఆఫీసులో అందరూ జడ్జిగారు అనేవారు. అది వెటకారమని ఆయనకు ఏనాడూ తట్టలేదు. తట్టేంత చోటు ఆ బుర్రలో మిగిలి ఉంటే కదా, అంతా తన గొప్పే నిండిపోయింది.

ఆ కంపెనీ లిఫ్టులను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసేది. బోర్డులోని ప్రోగ్రాము ఎక్కడైనా కుప్పకూలితే, ఆ క్షణంలో దాని కడుపులో ఉన్నదంతా ఒక ఫైలుగా వచ్చేది. దాన్ని డీబగ్గర్ అనే తప్పులు వెతికే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తప్పు ఎవరు రాసిన భాగంలో జరిగిందో తేల్చడం జడ్జిగారి పని. తేల్చాక మీటింగు గదిలో తెల్లబోర్డు మీద దోషి పేరు ఎర్ర అక్షరాలతో రాసేవారు. ఇంకో లిఫ్టు ఆగేదాకా ఆ పేరు అలాగే ఉండాలి. కాఫీ కప్పు పట్టుకుని ఆ బోర్డు ముందు ఆయన నిలబడే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండేది.

పోయిన ఏడాది అలా పేరు బోర్డెక్కిన మనిషి నోట్లో నాలుక లేనివాడు. నాది కాదు సార్ అని ఒక్కసారి గొణిగి, ఉద్యోగం పోగొట్టుకుని, ఆఫీసు ఎదురుగానే జిరాక్సు కొట్టు పెట్టుకున్నాడు. ఆయనగారు మాత్రం సిగ్గు లేకుండా ఆ కొట్టుకే వెళ్లి కాపీలు తీయించుకునేవారు.

అలాంటిది మళ్లీ ఒక లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. ఈసారీ బోర్డెక్కినవాళ్లు ఇంటికే అని మేనేజరు ముందే చెప్పేశాడు. జడ్జిగారు ఫైలు తెరిచారు. మొదటి వరుసలో హెచ్చరిక వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే కదా అని కిందికి జరిపారు. ఆ కింద వరసగా ఉన్న భాగాల పేర్లలో అన్నిటికన్నా పైన ఉన్నది తలుపు మూసే భాగం. అది రాసింది ఆయన మరదలు, అంటే భార్యకు స్వయానా చెల్లెలు. ఆ ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

ఇంకొకరైతే గుండె గుభేలుమనేది. ఈయనకు లోపల్లోపల సంబరమే. సొంత మరదలినైనా వదల్లేదని నలుగురూ చెప్పుకుంటారట! ఆమెను పిలిచారు.

"చూడు, నువ్వు రాసిందే. ఇంక నా చేతుల్లో ఏముంది?"

"సార్, మొదటి వరుస చదివారా?"

"అది ఎప్పుడూ వచ్చేదేలే."

"ఎప్పుడూనా?" ఆమె తెర మీదికి వంగి ఆ వరుస చదివింది.

ఆ వరుసలో ఉన్నది ఇంతే: "సింబల్ ఫైలు ఈ ప్రోగ్రాముది కాదు. కింది పేర్లు తప్పు కావచ్చు." యంత్రం కడుపులో ఉండేవి ఉత్త అంకెలు. ఏ అంకె ఎవరి భాగానిదో చెప్పేది సింబల్ ఫైలు. ప్రోగ్రాము మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి. పాతవీ కొత్తవీ అన్నీ కింది అంతస్తులో భద్రంగా ఉంటాయి, వెళ్లి అడిగితే ఇస్తారు. జడ్జిగారు మెట్లు దిగి ఒకరిని అడగడమా! ఎప్పటిదో పాత ఫైలుతోనే ఇన్నాళ్లూ తీర్పులు చెప్పుకొచ్చారు. నా మాట నమ్మొద్దని డీబగ్గర్ ప్రతిసారీ మొత్తుకుంటూనే ఉంది పాపం.

మరదలు కిందికి పరుగెత్తి సరైన ఫైలు తెచ్చి పెట్టింది. హెచ్చరిక పోయింది, పేరు మారింది. అది మోటారుతో పాటు బయట కొన్న భాగం, ఆఫీసులో ఎవరూ రాసింది కాదు. ఆమె కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే లేచింది.

"పోయినేడాది ఫైలు కూడా తెరుద్దాం బావా."

"ఆ కేసు ఎప్పుడో అయిపోయింది."

"ఆయన ఉద్యోగం పోయింది బావా!"

"నీది నిలబడింది కదా, నోరు మూసుకుని పని చూసుకో."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా, "మీ చెల్లెలి ఉద్యోగం నేనే కాపాడా," అని భార్యతో గొప్పలు పోయారు. ఆ పిచ్చితల్లి కళ్లు తుడుచుకుని, చెల్లెలికి ఫోన్ చేసి, మీ బావ దేవుడే అంది. చెల్లెలు ఇంకా ఆఫీసులోనే ఉంది, పనుందక్కా అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు జడ్జిగారు బుద్ధి తెచ్చుకున్నారు అనుకుంటే పొరపాటే. ఎలాగో వెతికి పట్టుకుని, ఆ హెచ్చరిక ఇంకెప్పుడూ కనబడకుండా డీబగ్గర్‌లో ఏర్పాటు చేసుకున్నారు. సమస్య తీరిపోయిందనుకుని, ఏదో కాపీ పనిమీద ఎదురు కొట్టుకు వెళ్లారు.

"ఇప్పటికైనా జాగ్రత్తగా పని చెయ్యవయ్యా," అన్నారు, ఊరుకోలేక.

"చేస్తున్నా సార్. పొద్దున్నే మీ మరదలుగారు వచ్చి ఈ కాగితం కాపీలు తీయమని ఇచ్చి వెళ్లారు. ఆఫీసులో అందరికీ తలా ఒకటట. ఆవిడ ఇప్పుడు మేనేజరు గదిలో ఉన్నారు." మెషీన్‌లోంచి వస్తున్న కాగితాల్లో ఒకటి తీసి ఆయన చేతికిచ్చాడు.

జడ్జిగారు అలవాటు కొద్దీ ముందు కింద పేరు కోసం వెతికారు. అది పోయిన ఏడాది లిఫ్టు ఆగినప్పటి ఫైలు. అందులోనూ ఉన్నది బయట కొన్న ఆ మోటారు భాగమే.

"పైనుంచి చదవండి సార్," అన్నాడు కొట్టతను.

పైన మొదటి వరుసలో హెచ్చరిక లేదు. సింబల్ ఫైలు సరిపోయింది అని ఉంది.