కుక్కలంటే మీకు ఇష్టమేనా?

ఇరవై ఏళ్ళకు పైగా సీరియళ్ళలో అత్తగారి పాత్రలకు డబ్బింగ్ చెప్పాను. పనులు తగ్గిపోయాక ఆదివారాలు మరీ పొడుగైపోయాయి. ఫిల్మ్‌నగర్‌లో మూడో అంతస్తు మీద ఒక్క గది నాది. చర్చి నుంచి పదిన్నరకల్లా వచ్చేస్తే, మళ్ళీ సోమవారం దాకా ఎవరితోనూ నోరు విప్పే అవసరం ఉండదు. వీధికుక్కల కోసం పనిచేసే చిన్న బృందంలో చేరింది అందుకే. జాలితో చేరానని అందరూ అనుకున్నారు. నాకు కావలసింది మాట్లాడే మనుషులు.

బృందాన్ని నడిపే అమ్మాయి నా చేతిలో ప్రశ్నల కాగితాలు పెట్టింది. "మన ఏరియాలో జనం ఏమనుకుంటున్నారో తెలిస్తేనే కదా ఆంటీ, వాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలిసేది," అంది. మొదటి ప్రశ్న: కుక్కలంటే మీకు ఇష్టమేనా?

జూబ్లీహిల్స్ ఎత్తు మీద పెద్ద గేట్ల ఇళ్ళలో అందరూ ఇష్టమేనన్నారు. చాలామంది ఇంటర్‌కమ్‌లోనే చెప్పేశారు. ఒకావిడ బయటికొచ్చి తన కుక్కపిల్ల పుట్టినరోజు ఫోటోలు కూడా చూపించింది. వీధికుక్కలకు టీకాలు వేసే బండి ఒక్క పూట మీ ఇంటి ముందు ఆపుకోవచ్చా అని అడిగాను. "మా గేటు దగ్గరొద్దండీ, ఇంకెక్కడైనా చూసుకోండి," అంది. నా కాగితాల నిండా 'అవును'లే. బండి ఆపడానికి మాత్రం చోటు దొరకలేదు.

దిగువ వీధిలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యను అడిగితే నవ్వింది. "గిదేం సవాల్ అమ్మా? ఇష్టమని ఎవరన్నరు? రోజూ మెట్ల మీద గలీజ్ చేస్తయి, కడిగేది నేనే. కానీ ఎండల నాలుక ఎల్లబెట్టుకొని వస్తే నీళ్ళు పొయ్యకుంట ఎట్లుంట?" కాగితం మీద 'అవును', 'కాదు' అని రెండే గళ్ళున్నాయి. ఆమె మాటలను పక్కన ఖాళీలో ఇరికించి రాసుకున్నాను.

అదే వీధి చివరింట్లో రిటైరైన ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కడే ఉంటాడు. నా ప్రశ్న పూర్తి కాకముందే అరిచాడు. "అన్నిటినీ పట్టుకెళ్ళి ఊరవతల పారేయమని రాసుకోండి!"

నేను రాయడం మొదలుపెట్టాను. మూయబోతున్న గేటు అక్కడే ఆపాడు.

"నిజంగా రాస్తున్నారా?"

"మీరన్నది అన్నట్టే రాయాలి కదండీ."

లోపలికి రమ్మని కుర్చీ వేశాడు. పైజామా పైకి లాగి పిక్క మీద మచ్చ చూపించాడు. పాల ప్యాకెట్ తెచ్చుకుంటుంటే కుక్క కరిచిందట. "సూదుల కోసం ప్రతిసారీ ఆటోలో ఒక్కడినే వెళ్ళానమ్మా. వెంట ఎవరూ రాలేదా అని నర్సు అడిగింది. ఏం చెప్పను? వాటిని చంపమని నేననడం లేదు. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తి, వస్తున్నాం అంటే చాలు."

అదీ రాసుకున్నాను.

తర్వాతి వారం శ్రీనగర్ కాలనీలో బృందం కూర్చుంది. ఆ అమ్మాయి కాగితాలు వేరుచేస్తూ, "ఈ నెగెటివ్ వాళ్ళని పక్కన పెట్టేద్దాం ఆంటీ. వాళ్ళు మారరు," అంది.

ఇన్నేళ్ళూ ఎవరో రాసిచ్చిన మాటలే చెప్పినదాన్ని. నలుగురిలో నా సొంత మాట చెప్పడం అదే మొదటిసారి. ప్రొడక్షన్ మేనేజర్ కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. "పక్కన పెట్టొద్దమ్మా. ఇష్టమన్నవాళ్ళు ఆ మాట చెప్పి తలుపేసుకున్నారు. ఈయన భయం తీరిస్తే మనకో వీధి దొరుకుతుంది. ఒకసారి చదువు."

చదివింది. పక్కన పెట్టిన కాగితాలన్నీ మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

కొత్త కరపత్రంలో 'మూగజీవాలను ప్రేమించండి' అన్న మాట తీసేశారు. దాని స్థానంలో 'మీ వీధిలో కుక్క కరుస్తుందని భయమా? ఫోన్ చేయండి, మేమొస్తాం' అని వేశారు. మొదటి ఫోన్ ఆయనదే. బండి ఆయన గేటు ముందే ఆగింది. వాచ్‌మన్ భార్య అన్నం చూపించి పిలిస్తే ఆ వీధిలోని నాలుగు కుక్కలూ వచ్చాయి. వాటిని బండిలో తీసుకెళ్ళి టీకాలు వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుకు చెవి కొన కత్తిరించి, కొన్నాళ్ళకు మళ్ళీ ఆ వీధిలోనే వదిలారు. ఆయన చేతికర్రతో గేటు లోపలే నిలబడి చూశాడు.

"ఇప్పటికీ ఇవంటే నాకిష్టం లేదమ్మా."

"ఉండక్కర్లేదండీ," అన్నాను.

దాంతో ఆ వీధిలో నా పని అయిపోయింది. మరుసటి ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయన గేటు దగ్గర ఆగాను. బెల్ మీద వేలు కూడా పెట్టాను. చేతిలో కాగితం లేకుండా ఎందుకొచ్చానని చెప్పాలో తోచక, నొక్కకుండానే వచ్చేశాను.