మాస్టారి మూర, నా మూర

కొత్తగా ఇంజనీరింగ్ పాసైన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత తీరిగ్గా, ఒక్కొక్కటిగా పోగుచేసుకున్నాను. అలా సర్వజ్ఞురాలినై, కొవ్వూరు నుంచి రోజూ బస్సులో గోదావరి దాటి, రాజమండ్రిలో ఒక చిన్న వర్క్‌షాపుకి ఉద్యోగానికి వెళ్లేదాన్ని. కేబుల్ టీవీ వాళ్లకి యాంప్లిఫయర్లు, అంటే ఊరంతటికీ సరిపడేలా సిగ్నల్‌కి బలమిచ్చే పెట్టెలు, తయారుచేసేవాళ్లం. ఉన్నది ముగ్గురమే: యజమాని (ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం), పాతికేళ్లుగా సోల్డరింగ్ చేస్తున్న మాస్టారు, నేను. మాస్టారు ఆరడుగుల మనిషి. నేను ఐదడుగులు (చెప్పులతో కలిపి).

మా పెట్టెకి ఒక జబ్బు ఉండేది. ఛానెళ్లన్నీ ఒకేసారి దానిలోంచి వెళ్లాలి కదా, పవర్ తగ్గిస్తే చివరి వీధి వాళ్లకి బొమ్మ నిండా చుక్కలు పడేవి. పెంచితే ఒక ఛానెల్ తాలూకు మరకలు ఇంకో ఛానెల్ మీద చారలుగా తేలేవి. భక్తి ఛానెల్లో స్వామివారి కళ్యాణం జరుగుతుంటే వంటల ఛానెల్ అడ్డంగా వచ్చేది. పెద్దాపురం ఆపరేటర్ గారు ఓ రోజు వచ్చి, "జాతర లోపల కొత్త పెట్టెలు బిగించాలండి. గురువారం పది గంటలకొచ్చి చూస్తాను. ఒక్క చార కనబడినా హైదరాబాద్ సరుకే తెచ్చుకుంటానండి" అని చెప్పి వెళ్లారు. పెద్దాయన నావైపు తిరిగి, "చూడమ్మాయ్, నీ కొత్త డిజైన్ పనిచేసిందా సరే. లేదంటే సొంత తయారీ ఆపేద్దాం. నువ్వు ముందు గదిలో కూర్చుని వైర్లు అమ్ముదువుగాని" అన్నారు. నాలుగేళ్లు చదివి వైర్ల చుట్టల మధ్య కూర్చోవడమా! "ఒక్క చార కూడా పడదండి!" అన్నాను. (భయమేస్తే నా గొంతు పెద్దదవుతుంది.)

నా ఉపాయం కాగితం మీద చాలా అందంగా ఉండేది. మరకపడిన సిగ్నల్లోంచి పాడవకముందున్న సిగ్నల్ని తీసేస్తే మిగిలేది మరక ఒక్కటే. ఆ మరకని తలకిందులు చేసి మళ్లీ కలిపితే రెండు మరకలూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. "మురికిని మురికితో కడుగుతారేంటండీ అమ్మాయి గారూ?" అని మాస్టారు రెండు రోజులు నవ్వారు, నవ్వుతూనే పనంతా చేసిపెట్టారు. షరతు ఒక్కటే, రెండూ కలిసే చోటికి ఒకే క్షణానికి చేరాలి. ముందొచ్చేదాన్ని కాస్త ఆపడానికి మధ్యలో ఒక కేబుల్ ముక్క పెట్టాం. ముక్క ఎంత పొడవైతే అంత ఆలస్యం. మాస్టారు కోస్తూ, మారుస్తూ, సోమవారానికి సరైన పొడవు పట్టారు. బల్ల మీది నమూనాలో చారలు మాయమయ్యాయి. ఆయన చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాసుకున్నాను: "కేబుల్, రెండు మూరల బెత్తెడు."

బుధవారం మాస్టారు ద్రాక్షారామంలో పెళ్లికి వెళ్లారు. ఆపరేటర్ గారికి చూపించాల్సిన పెట్టెని నేనే స్వయంగా కట్టాను. మల్లెపూలమ్మే ఆవిడలా కేబుల్‌ని మోచేతి నుంచి వేలికొస దాకా రెండుసార్లు కొలిచి, బెత్తెడు కలిపి, కోసి బిగించాను. ఒక ఛానెల్ పెట్టి, మరకల మోతాదు సరిచేసే మీట అటూ ఇటూ తిప్పితే చారలు పోయాయి. మిగతా ఛానెళ్లు కూడా చూడటం నా చదువుకి చిన్నతనం అనిపించింది.

గురువారం పదింటికి ఆపరేటర్ గారు వచ్చి, కాఫీ పక్కనపెట్టి రిమోట్ తీసుకున్నారు. మొదటి ఛానెల్ అద్దంలా ఉంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పైకి వెళ్లేకొద్దీ ఒక చార, తర్వాత మూడు, ఆపైన దుప్పటంత చారలు! "ఏవండీ, పాత చారలే నయమండి. సన్నగా ఉండేవి" అన్నారాయన. పెద్దాయన ముందు గది వైపు చూశారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ పొద్దున్నే పెళ్లి నుంచి తిరిగొచ్చిన మాస్టారు మాత్రం నెమ్మదిగా, "కేబుల్ ఎంత పెట్టారండి?" అన్నారు.

"మీరు చెప్పినంతేనండి. రెండు మూరల బెత్తెడు" అని నా చెయ్యి చాపి చూపించాను.

మాస్టారు నా చేతిని చూశారు. తర్వాత తన చెయ్యి దాని పక్కన పెట్టారు. మోచేతులు రెండూ ఒకచోటే ఉన్నాయి. ఆయన వేళ్లు మాత్రం నా వేళ్లని దాటి ఇంకా ముందుకు వెళ్లిపోయాయి.

"మాస్టారూ, చెయ్యి కదపకండి!" అని అరిచాను. అందరి ముందే ఆయన చేతి మీద కేబుల్ పరిచి, కొలిచి, కోశాను. "ఇదేంటమ్మా, జాకెట్టుకి కొలతలా?" అంటున్నారు పెద్దాయన. బిగించి, మీట సరిచేసి, రిమోట్ ఆపరేటర్ గారికే ఇచ్చాను. ఆయన కింద నుంచి పైకీ, పై నుంచి కిందకీ నొక్కారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ నొక్కారు. చివరికి కాస్త దిగులుగా, "తప్పు పట్టడానికేం లేదండి. మా ఊరికి సరిపడా పంపించెయ్యండి" అన్నారు. మాస్టారు చప్పట్లు కొట్టారు. నేను చిన్నపిల్లలా స్టూలెక్కాను, ఎందుకో నాకిప్పటికీ తెలియదు. పెద్దాయన, "ముందు మనకో టేపు కొనాలయ్యా" అని మాస్టారితో అని, నావైపు తిరిగి, "ఇంజనీరు గారూ, కిందకి దిగండి. ఇక ఈ బల్ల మీకే" అన్నారు. ఆయన నన్ను గారూ అనడం అదే మొదలు.

సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడకి, వంతెన దాటేలోగా, మరకని మరకతో ఎలా కడగాలో పూర్తిగా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే మా ఇంట్లో టీవీ కూడా బాగుపడుద్దామ్మా?" అంది. "ఎందుకు బాగుపడదండీ, తప్పకుండా!" అన్నాను. వాళ్ల ఊరు ఏదో కూడా అడగలేదు.

ఇప్పుడు ఆ మరకలు తుడిచే పని కంప్యూటరు ప్రోగ్రాములతో చేయిస్తున్నాం, నేను సభల్లో నిలబడి వాటి గ్రాఫులు చూపిస్తుంటాను. ఇది అన్నిచోట్లా పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే, "పరిస్థితిని బట్టి అండి" అంటాను. అదే నిజం. కానీ అలా అన్న ప్రతిసారీ బస్సులో తప్పకుండా అని మాటిచ్చేసిన ఆ ఐదడుగుల పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. దానిమీద కాస్త అసూయ కూడా.