మా వరండాలో కాలేజీ వారి కోళ్లు

కిందటి ఆదివారం మా మనవరాలు భోజనానికి వచ్చి, వచ్చింది మొదలు ఒక రిఫ్రిజిరేటరును తిడుతూ కూర్చుంది. ఆ పిల్ల ఇక్కడ విశాఖపట్నంలోనే విశ్వవిద్యాలయంలో ఏవో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. ఎవరో బయటివాళ్లిచ్చిన గ్రాంటుతో ఆ రిఫ్రిజిరేటరు కొన్నారట, కొన్నది పరిశోధనకు గనక అందులో తన మజ్జిగ సీసా పెట్టుకుంటే గ్రాంటు సొమ్ము దుర్వినియోగం చేసినట్టు లెక్కట. సూక్ష్మజీవుల పక్కన మజ్జిగ పెట్టుకోకపోవడానికి అంతకంటె మంచి కారణాలు ఉండవచ్చునని నాకు తోచింది గాని, నా మనసు అప్పటికే వేరే చోటికి పోయింది. ఎందుకంటే ఆ మాట వినగానే నాకు రంగూనులో మా మూడో అంతస్తు వరండా, అందులో రెండు వెదురు గంపలు, వాటి కింద కాలేజీ వారి కోళ్లు జ్ఞాపకం వచ్చాయి.

రంగూను నీళ్లు తాగినవాళ్లు మీలో ఇంకా కొందరు మిగిలే ఉంటారు గనక మేముండే లమ్మడా వీధి ఎలా ఉండేదో నేను వర్ణించనక్కర్లేదు. ఆ వీధిలో తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బి.ఏ. చదివిన మొదటి ఆడపిల్లను నేను. అంత చదివి ఇది ఏం చేస్తుందని అడిగిన వాళ్లందరికీ, టైపు చేస్తుందని కొన్నాళ్లకు తేలింది. నన్ను కాలేజీ ఆఫీసులోనే పెట్టుకున్నారు. ఆ రోజుల్లో బియ్యం వ్యాపారులూ కలప వ్యాపారులూ చదువుల మీద అభిమానం పుట్టి పరిశోధనలకని డబ్బివ్వడం కొత్తగా మొదలైంది. ఆ డబ్బును ఎలా పుచ్చుకోవాలో ఎవరికీ తెలియకపోవడం వల్ల మా పెద్ద గుమాస్తాగారు నియమాలు రాసి నా చేత టైపు చేయించారు. ఆయన చెడ్డ మనిషి కాడు. పరాయివాడి డబ్బు కాలేజీ గడప తొక్కాలంటే చెప్పులు బయట విప్పి, కాళ్లు కడుక్కుని రావాలన్నది ఆయన సిద్ధాంతం, అంతే.

మా మేనమామ సేక్కాన్ రేవులో బస్తాలు మోసేవాడు. గంజాం, చికాకోలు వైపు నుంచి ఓడ దిగిన మనవాళ్లతో పాటు వాళ్లను కూలికి తెచ్చిన మేస్త్రీగారి బసలోనే ఉంటూ అక్కడే తినేవాడు. ఆ ఏడు వానల్లో ఆయన కాళ్లు ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే పడిన గుంట, మనం వేరే మాట మొదలుపెట్టి ముగించేదాకా అలాగే ఉండేది. బసలో చాలామందికి అదే వరస. మా అక్క మొగుడు, అంటే మా బావ, కాలేజీలో రసాయనశాస్త్రం డెమాన్‌స్ట్రేటరు. అక్కా తనూ మా ఇంట్లోనే ఉండేవారు. ఇది బెరిబెరి అనీ, మరలో పాలిషు పట్టి తవుడంతా పోగొట్టిన బియ్యం తినడం వల్ల వస్తుందనీ వేరే దేశాల డాక్టర్లు ఎప్పుడో రాశారని చెప్పి ఆయన మేస్త్రీగారి దగ్గరికి వెళ్లాడు. మేస్త్రీగారు నొచ్చుకున్నారు. తక్కిన మేస్త్రీలు కూలీలకు ముక్కిపోయిన బియ్యం పెడుతుంటే తను మల్లెపువ్వులాంటి తెల్ల బియ్యం పెడుతున్నానని ఆయన గర్వం, ఆ గర్వంలో అన్యాయం ఏమీ లేదు. అయినా మంచి మనిషి గనక, కాలేజీ వాళ్లు పరీక్ష చేసి సీలు వేసి చెబితే మర్నాడే బసలన్నిటిలో బియ్యం మార్చేస్తానని మాట ఇచ్చి, ఆ పరీక్షకయ్యే ఖర్చూ ఇచ్చారు.

డబ్బు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. బయటి సొమ్ముతో జరిగే పనికి కాలేజీ స్థలం గాని నౌకర్లను గాని దీపాలను గాని వాడరాదని నియమం ఉండటం వల్ల కోళ్లు మాత్రం మా ఇంటికి వచ్చాయి. ఒక గంప కింది వాటికి తెల్ల బియ్యం, రెండో గంప కింది వాటికి తవుడు కలిపిన దంపుడు బియ్యం. ట్వంటే నుంచి తెచ్చిన మట్టి మూకుళ్లలో మేత పోయడం మా అమ్మ వంతు. మొదటి గంపలో ఇంకేమీ వెయ్యకూడదని బావ ఆమెకు ప్రయోగం సంగతి ఇంగ్లీషు మాటలు కలిపి వివరంగా చెప్పాడు. ఆదివారం ప్రసంగానికి తల ఊపినట్టే ఆమె దీనికీ తల ఊపింది.

ఇంతలో కోళ్లు గుడ్లు పెట్టాయి. నియమాలు రాసేటప్పుడు ఇది ఎవరికీ తట్టలేదు. గ్రాంటుతో కొన్న వస్తువు కాలేజీదైనప్పుడు ఆ వస్తువు పెట్టిన గుడ్డు ఎవరిదని నేనే ఒక కాగితం టైపు చేసి పైకి పంపవలసి వచ్చింది. అమ్మి ఆ డబ్బు కాలేజీకి జమ కట్టాలని జవాబు వచ్చింది. అందుచేత మా అమ్మ ఆ గుడ్లను కింది అంతస్తులో దుకాణం ఉన్న బర్మా ఆవిడకు అమ్మడం, అల్లుడికి పొద్దున అట్టు వెయ్యడానికి అవే గుడ్లను ఆవిడ దగ్గర నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి కొనుక్కోవడం కొన్నాళ్లు సాగింది. ఆ బర్మా ఆవిడకు మన జాతి మీద గౌరవం ఆ రోజుల్లో పెరిగిందో తగ్గిందో నేను చెప్పలేను.

ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కాలేజీ కమిటీ వాళ్లు వచ్చి చూసి ఫలితం రాయాలి. అది దాటితే మిగిలిన సొమ్ము మురిగిపోతుంది, కోళ్లు వేలానికి వెళతాయి. ఆ మార్చి నెలాఖరుకు మొదటి గంపలో కోళ్లు ఒక్కొక్కటే కుంటడం మొదలుపెట్టి, చివరికి మెడ వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తూ పడిపోయేవి. కోడి పడిన రోజు మా బావ ముఖం వెలిగిపోయేది. చీమను కూడా దాటుకుని నడిచే ఆ మనిషి అలా సంతోషపడటం చూసి మా అమ్మ లోపలికి వెళ్లి గిన్నెలు గట్టిగా తోమేది. కమిటీ రావడానికి ముందురోజు బావ పొద్దునే కోళ్లను చూసుకుని కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పొద్దుపోయింది, ఒళ్లెరగని అలసటతో గంపల వైపు పోకుండానే పడుకున్నాడు. మర్నాడు పెందలాడే కమిటీ వాళ్లను వెంటబెట్టుకు రావడానికి వెళ్లాడు. సాయంత్రం వాళ్లు వచ్చారు. మా అమ్మ పరదాలు ఉతికి కట్టింది, వరండా కడిగింది, టీ కాచింది. రెండు గంపలూ ఎత్తగానే కోళ్లన్నీ లేచి నడిచాయి. మొదటి గంపలోది ఒకటి, కమిటీతో వచ్చిన పెద్ద గుమాస్తాగారి బూటు లేసును పట్టి లాగింది. రెండు గుంపులకూ తేడా ఏమీ కనిపించలేదని కమిటీ అక్కడే నిలబడి రాసుకుని, టీ చాలా బాగుందని చెప్పి వెళ్లిపోయింది.

బావ కుర్చీలో కూలబడ్డాడు. మా అమ్మ అన్నం వడ్డిస్తూ, పెద్దమనుషుల ముందు పరువు దక్కిందన్న తృప్తితో తనే చెప్పింది.

"నిన్న నువ్వెల్లినకాడి నుంచీ ఆ రోగిస్టి కోళ్లకి కుడితి పోసేను బాబూ. బియ్యం కడిగిన నీల్లలో రొండో గంప తవుడు కలిపి, రొండు పూట్లా. నలుగురు మనింటికొస్తా ఉంటే అయ్యలా సచ్చినట్టు పడుంటే ఏటి మర్యాద?"

బావ చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. కోపగించుకుంటాడేమోనని నేను భయపడ్డాను గాని, ఆయన లేచి, కమిటీ వాళ్లను వెనక్కి పిలవడానికి ఎంగిలి చేత్తోనే ట్రాముబండి దాకా పరుగెత్తాడు. తవుడు పడగానే పడిన కోడి లేచింది. ఆయన ఏడాదంతా చూపించాలనుకున్నది అదే గదా. ట్రాము వెళ్లిపోయింది.

మర్నాడు బావ జరిగినదంతా ఉత్తరంగా రాశాడు, నేను టైపు చేశాను. రెండో గంపకు మంజూరైన తవుడు ముందస్తు అనుమతి లేకుండా మొదటి గంపకు వాడటం నియమవిరుద్ధమనీ, గడువు ముగిసి గ్రాంటు మూసివేసినందున ఫలితాన్ని మార్చడానికి వీలు లేదనీ, రెండో ఏటికి పొడిగించడం కుదరదనీ జవాబు వచ్చింది. అదీ నేనే టైపు చేశాను. రెండింటిలోనూ అక్షరదోషాలు లేవు. పెద్ద గుమాస్తాగారు జవాబు మీద సంతకం పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మీ అమ్మగారు చెప్పింది నిజమే అయి ఉంటుందమ్మా, కాని దాన్ని ఏ నియమం కింద నమ్మమంటారు అని నన్నే అడిగారు. ఆయన వేళాకోళానికి అనలేదు. నేను ఆ కాగితం కవరులో పెట్టి బావ పేరు టైపు చేశాను.

కమిటీ కాగితాన్ని మేస్త్రీగారు అప్పటికే అద్దం కట్టించి బసలో గోడకు తగిలించుకున్నారు. బావ వెళ్లి బతిమాలితే, ఆయన మర్యాదగా కుర్చీ వేయించి ఒక్కటే అడిగారట.

"సీలేసిన కాయితం అబద్దమా మేస్టారూ, సీలు లేని మీ నోటి మాట నిజమా? మనం కాసుకున్నది కాలేజీ వోరి మాట కోసమే గదా!"

పరిశోధన శుభంగా ముగిసిందని ఆయన ఆ కోళ్లను వేలంలో పాడి, ఈస్టరు పండక్కి బసలో అందరికీ కూర వండించారు. తెల్ల అన్నంతోనే పెట్టారు. ఆయనకు మనుషులంటే అంత ప్రేమ.

మా మేనమామను మాత్రం అమ్మ బలవంతాన మా ఇంటికి తెచ్చి, తవుడు జావ కాచి పోసేది. "కోళ్ల కుడితి నాకెట్టేస్తన్నావేటే అక్కా? రేపొద్దున గుడ్డెట్టమంటావేటి?" అని ఎగతాళి చేస్తూనే ఆయన తాగాడు, కోలుకున్నాడు. కోలుకుని రేవుకు వెళ్లి బసలో వాళ్లకు చెబితే, వాళ్లు గోడ మీద అద్దం కట్టిన కాగితం చూపించి నవ్వారట. ఆ తర్వాతి వానల్లో ఉబ్బిన కాళ్లతో కొందరు తిరుగు ఓడ ఎక్కారు. తక్కిన కొందరి కోసం మా మేనమామ చాలాసార్లు శ్మశానం దాకా వెళ్లవలసి వచ్చింది. ఆయన కాళ్లిప్పుడు బాగా నడిచేవి. బసలో బియ్యం నేనున్నంతకాలం మారలేదు. మా బావ మళ్లీ ఎవరి దగ్గరా గ్రాంటు అడగలేదు, మా ఇంట్లో కోడిని పెంచలేదు. ఏం జరిగిందో అమ్మకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమె అడిగేది ఒకటే: పడిపోయిన కోడికి మేత వెయ్యడానికి కూడా అనుమతి చీటీ కావాలా అని.

మా మనవరాలు ఆదివారం తన గ్రాంటుకు ఏడాది చివర పంపే నివేదిక కూడా తెచ్చింది, ఒకసారి చూడు అమ్మమ్మా, టైపు తప్పులు నీకు తప్ప ఎవరికీ దొరకవు అని. ఇప్పటి నియమాలు మా కాలం వాటికంటె పొడుగు, కాగితం నాసి, సీలు అదే. ఒక్కటే కొత్తది చూశాను. అన్నిటికంటె కింద, పరిశోధన క్రమంలో అనుకోకుండా గమనించిన విషయాలు రాయమని కాస్త ఖాళీ వదిలారు. మహా అయితే రెండు వాక్యాలు పడతాయి. మా అమ్మ కుడితి సరిగ్గా అందులో పట్టేది. ఆ జాగా మీద వేలు పెట్టి నేను ఎంతసేపు కూర్చున్నానో, టైపు తప్పేమో అనుకుని పిల్ల కంగారుగా వంగి చూసింది. తప్పేమీ లేదు. అక్కడ చక్కని అక్షరాలతో "ఏమీ లేవు" అని రాసి ఉంది.