రెండు ఎర్ర ప్లేట్లు, పదకొండు బండ్లు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఆషాఢంలో నన్ను మోటారు వాహనాల తనిఖీ అధికారిగా మదనపల్లెకు బదిలీ చేశారు. ఉత్తర్వుల్లో హోదా అంత పొడుగ్గా ఉంటుంది గానీ మా వైపు ఎవరూ మమ్మల్ని అలా పిలవరు. బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. బస్సు ఎక్కి బ్రేకు తొక్కి చూసి, ఆగితే సంతకం పెట్టేవాళ్లం కాబట్టి ఆ పేరు వచ్చిందని మా పెద్ద అధికారులు చెప్పేవారు. రిటైరైన తర్వాత కూడా సంతలో ఎవరైనా అలా పిలిస్తే ఠక్కున వెనక్కి తిరుగుతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ, ఆ పిలుపంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.

మా పనిలో జనానికి తెలిసింది లైసెన్సులు, ఫిట్‌నెస్‌లు, రోడ్డు మీద తనిఖీలు. పెద్దగా తెలియనిది ట్రేడ్ సర్టిఫికెట్. కొత్త బండికి నంబరు వచ్చేదాకా అది రోడ్డెక్కకూడదు. కానీ అమ్మేవాడు దాన్ని నడిపి చూపించాలి, తూకం వేయించాలి, బాడీ కట్టించడానికి పంపాలి, రిజిస్ట్రేషన్‌కు మా ఆఫీసుకు తేవాలి. ఈ పనుల కోసం డీలరుకు ప్రభుత్వం ఒక సర్టిఫికెట్టూ, దాంతో ఒక నంబరూ ఇస్తుంది. ఆ నంబరును ఎర్ర రేకు మీద తెల్ల అక్షరాలతో రాయించి బండికి కట్టుకుంటారు. దాన్నే ఎర్ర ప్లేటు అంటారు. దరఖాస్తు వస్తే మేము షాపుకు వెళ్లి స్థలం చూస్తాం, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూస్తాం, ఏడాదికి సరిపడా సర్టిఫికెట్ రాస్తాం. ఒక సర్టిఫికెట్ అంటే ఒక సమయంలో ఒకే బండి. ప్లేటు కట్టిన ప్రతిసారీ ఏ బండి, ఎవరు నడిపారు, ఎక్కడికి, ఎప్పుడు తిరిగొచ్చింది అని రిజిస్టరులో రాయాలి. సరుకు ఎక్కించకూడదు. కొనుక్కున్నవాడి చేతికి ఆ ప్లేటుతో బండి అప్పగించకూడదు. కాగితం మీద ఇంత సులువు.

ఇక మా జనం సంగతి. ఆషాఢంలో చచ్చినా బండి కొనరు. నెల రోజులు షోరూముల్లో ఈగలు తోలుకుంటారు. శ్రావణం రాగానే, అందులోనూ శుక్రవారం వస్తే, అందరికీ ఒకేసారి కావాలి. ఒకే పంతులు పెట్టిన ముహూర్తం పది ఊళ్లకు పాకుతుంది. ఉదయం ఆరుకు ముహూర్తమైతే, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌కు కట్టాల్సిన చలానా తీసుకునే బ్యాంకు తెరిచేది పదింటికి. ఆ నాలుగు గంటల సందులో జరిగిన కథ ఇది.

ఆ శ్రావణ శుక్రవారం పొద్దున్నే నేను, ఒక కానిస్టేబులు, మా డ్రైవరు పుంగనూరు రోడ్డులో నిలబడ్డాం. ఏడు గంటలప్పుడు ఒక చిన్న లోడు బండి వచ్చింది. బంతిపూల దండ, అద్దానికి పసుపు, ముందర ఎర్ర ప్లేటు. నడుపుతున్నవాడు పుంగనూరు డీలరు మనిషే. సర్టిఫికెట్ నకలు చూపించాడు. కొన్నాయన ఇంటికి తీసుకుపోయి చూపించి మళ్లీ తెస్తానన్నాడు. అది నిబంధనకు లోబడిందే. నంబరు నా పుస్తకంలో రాసుకుని పంపించేశాను.

అరగంట కాలేదు. నిమ్మనపల్లె వైపు నుంచి అలాంటిదే ఇంకో బండి వచ్చింది. ఇదీ దండతోనే ఉంది, వెనక మాత్రం టమోటా క్రేట్లు నిండుగా పేర్చి ఉన్నాయి. క్రేట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎర్ర ప్లేటు మీద పసుపు దట్టంగా పూశారు. కానిస్టేబులు గుడ్డతో తుడిచాడు. అరగంట కిందట నా పుస్తకంలో రాసుకున్న నంబరే.

నడుపుతున్నది బండి కొన్న రైతే. పేరు వెంకటరమణ. అతనికి ఏ తప్పూ తెలియదు, దిగి నమస్కారం పెట్టాడు. పూజ అయిన బండి ఉత్తదిగా ఇంటికి తిరిగి పోకూడదనీ, మొదటి లోడు మార్కెట్టులో దించితేనే కలిసొస్తుందనీ వాళ్లమ్మ చెప్పిందన్నాడు. పైనున్న ఇద్దరిలో పెద్దామె ఆ అమ్మే. బండికి బీమా ఇంకా మొదలు కాలేదు. దారిలో ఏదైనా జరిగి ఉంటే ఆ క్రేట్ల మీదున్న ఇద్దరికీ దిక్కెవరు? నాకు ఒళ్లు మండింది. ఆ కోపం వెంకటరమణ మీద కాదు, ప్లేటు ఇచ్చినవాడి మీద. తనిఖీ నివేదిక రాశాను. టమోటాలు పాడవకుండా ఇంకో ఆటో పిలిపించి ఎక్కించాం. బండిని బస్సు డిపో ఆవరణలో పెట్టించాను. పట్టుకున్న బండ్లను మేము పెట్టేది అక్కడే. పెద్దామె బండికున్న దండ విప్పి తన వెంట తీసుకుపోయింది.

పుంగనూరు షాపుకు వెళ్లేసరికి తొమ్మిదయింది. యజమాని మునిరత్నం నన్ను చూడగానే కుర్చీ లాగి, కాఫీ తెప్పించి, మొహం ఇంత చేసుకున్నాడు. అతను నాకు పాత మనిషి. నేను కొత్తగా కుప్పంలో చేరినప్పుడు అక్కడొక మోటారు సైకిళ్ల షాపులో సేల్స్‌మన్. ఇరవై అయిదేళ్లు కష్టపడి సొంతంగా డీలరయ్యాడు, ఆరుగురికి జీతమిస్తున్నాడు. నేను కాఫీ ముట్టలేదు. రిజిస్టరు అడిగాను. ఆ రోజు తారీఖున రెండు వరుసలే ఉన్నాయి. అతనికున్నవి రెండే సర్టిఫికెట్లు. ఆ ఉదయం ఎన్ని బండ్లు పంపావని అడిగితే, తడుముకోకుండా పదకొండన్నాడు. లోపలి గదిలో ఇంకా ఒక ఎర్ర ప్లేటు మిగిలి ఉంది. ఆ రెండు నంబర్లనే బోర్డులు రాసే పెయింటరు చేత డజను రేకుల మీద రాయించాడు. ఏదీ దాచలేదు. అదే నాకు అర్థం కాలేదు. తప్పు చేసినవాడు దాచాలి కదా.

అది రద్దుకు పోయే వ్యవహారమని చెప్పాను. సర్టిఫికెట్ రద్దయితే కంపెనీ డీలర్‌షిప్ పీకేస్తుంది, షాపు మూతే. అప్పుడు అతను నా మొహంలోకి చూశాడు.

"సార్, ఇది మీరు సెప్పిందే గదా. కుప్పంలో, అయివారి బండికి."

నాకు గుర్తొచ్చింది. మరిచిపోయిందేమీ కాదు, గుర్తు చేసుకునే అవసరం రాలేదంతే.

కుప్పంలో నాది అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. మీసం కూడా సరిగ్గా రాని వయసులో అంతటి అధికారం చేతికొస్తే మనిషి ఎలా ఉంటాడో అలాగే ఉండేవాణ్ణి. మూడు రాష్ట్రాల గాలి తగిలే ఊరు. షాపుల్లో తమిళం, కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో వినబడేవి. సాయంత్రాలు బండ్లు తగ్గాక స్టేషను దగ్గర టీ తాగుతూ రైళ్లు చూసేవాణ్ణి. ఆ రోజుల మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. ఒక శ్రావణంలో ఒక బడి అయివారు రిటైర్మెంటుకు ముందు మొదటిసారి మోటారు సైకిలు కొన్నాడు. ముహూర్తం తెల్లవారుజామున. కాగితాలు పదింటికి గానీ కావు. ఆయన షాపు మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు చదువు చెప్పినవాళ్లు గుర్తొచ్చి, పక్కనున్న సేల్స్‌మన్‌తో ఒక మాటన్నాను.

"ఎర్ర ప్లేటుతో ఇంటికి పంపీయప్పా. పూజ చేసుకోనీ. పది గంటలకు ఆఫీసుకు తెస్తే చాలు."

ఆ సేల్స్‌మన్ మునిరత్నం. అయివారు పదింటికి బండి తోసుకుంటూ ఆఫీసుకు వచ్చాడు, నడపలేదు కూడా. మంచి బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడని ఊళ్లో నాలుగు రోజులు అనుకున్నారు. ఆ మాట నా చెవిన పడి ఉబ్బిపోయాను, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా అలాగే చెప్పి ఉంటాను. దేనికీ కాగితం లేదు. నాకు బదిలీ అయింది. నా మాట మాత్రం కుప్పంలో ఉండిపోయి, మునిరత్నంతో పుంగనూరు చేరి, ఒక్కో శ్రావణానికీ కాస్త కాస్త పెరిగింది. ఇంటికి పంపొచ్చన్నది నడుపుకోవచ్చని అయింది. అది కాస్తా లోడు ఎత్తుకోవచ్చని అయింది. రెండు ప్లేట్లు చాలకపోతే పన్నెండు రాయించుకోవచ్చని అయింది.

ఆఫీసుకొచ్చి నివేదిక రాయడానికి కూర్చున్నాను. మా సీనియర్ అసిస్టెంటు పక్కన నిలబడి విషయమంతా విన్నాడు. "కుప్పం సంగతి యాల సార్ ఇప్పుడు? రికార్డులో లేంది మీరే తెచ్చి పెట్టుకుంటారా?" అన్నాడు. అతను నా మేలు కోరే అన్నాడు. ఆ రోజు కాగితం కదల్లేదు. మరుసటి రోజూ కదల్లేదు. ఆ ఏడాది నా పేరు ప్రమోషన్ల జాబితాలో ఉంది. రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదని రాయడానికి నాకేమీ సిగ్గులేదు. మూడో రోజు నాలుగో పేరాగా మూడు వాక్యాలు రాశాను. ఈ అలవాటుకు మూలం కుప్పంలో నేను నోటితో ఇచ్చిన అనుమతి అనీ, అది నిబంధనలకు విరుద్ధమనీ, డీలరు దాన్ని శాఖ మాటగానే తీసుకున్నాడనీ రాశాను. సంతకం పెట్టి పంపేశాను.

మా ప్రాంతీయ రవాణా అధికారి ఒకావిడ. నాకంటే వయసులో చిన్న, చదువులో పెద్ద. ఆమె మునిరత్నానికి సంజాయిషీ నోటీసు పంపింది. జవాబు వచ్చాక ఇద్దర్నీ విచారణకు పిలిచింది. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది. ఒకటి నా నివేదిక, ఇంకొకటి అతని జవాబు. చాలాసేపు ఒకదాని నుంచి ఇంకోదానికి చూసింది. తర్వాత అతని జవాబు పైకి చదివింది. మూడే మూడు వరుసలు. డూప్లికేటు ప్లేట్లు నేనే రాయించినాను, తప్పు నాదే, క్షమించగలరు. కుప్పం లేదు, అయివారు లేడు, నేను లేను.

నాకు తల కొట్టేసినట్టయింది. షాపులో నాతో అన్న మాట అతను ఇంకెవరితోనూ అనలేదన్నమాట. నేను ఆ నాలుగో పేరా రాయకుండా ఉంటే పైవాళ్లెవరికీ తెలిసేది కాదు. అతని షాపు పోయేది, నా ప్రమోషను వచ్చేది.

ఆమె నా పేరా అతనికి చదివి వినిపించి, నిజమేనా అని అడిగింది. మునిరత్నం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్ సెప్పింది ఒక బండికి మేడం. పదకొండుకు చేసుకునింది నేను."

వారం తర్వాత ఉత్తర్వులు వచ్చాయి. సర్టిఫికెట్లు రద్దు కాలేదు, నెల రోజులు సస్పెన్షన్. అంటే శ్రావణంలో మిగిలిన బేరాలన్నీ పోయాయి. అతనికి అది చిన్న దెబ్బేమీ కాదు, కానీ షాపు నిలబడింది. డజను రేకులూ మా ఆఫీసులో జమ చేసి, చూస్తుండగానే కత్తిరించారు. వెంకటరమణ బండి పదిరోజులకు సరైన నంబరుతో డిపో నుంచి బయటికొచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు ఎక్కింది. ప్రమోషన్ల జాబితాలో నా పేరు ఆ ఏడాది కిందికి పోయి, మళ్లీ పైకి రాలేదు. ఇన్‌స్పెక్టరుగానే రిటైరయ్యాను.

విచారణ అయిన రోజు మెట్లు దిగుతూ మునిరత్నం నా మీద కోప్పడ్డాడు. అవును, అతనే. "మీరు యాల రాసినారు సార్? నేను ఒగ మాట అనలేదు గదా" అన్నాడు. దాదాపు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎంతోమంది నాకు దండాలు పెట్టారు, చాటున తిట్టారు. నా పరువు నేనే పోగొట్టుకున్నానని కోపం తెచ్చుకున్నవాడు అతనొక్కడే. ఇద్దరం ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ తాగాం. ఆ రోజు షాపులో వదిలేసిన కాఫీ గురించి ఎవరం మాట్లాడలేదు.

ఇప్పుడు కొత్త బండికి షోరూములోనే నంబరు వచ్చేస్తుంది. కాగితాలన్నీ కంప్యూటరులో ముందే అయిపోతాయి. ముహూర్తానికీ ఆఫీసు వేళలకూ మధ్య ఆ నాలుగు గంటల సందు పూడిపోయింది. మంచిదే. అయినా పొద్దున్నే పసుపు పూసిన బండ్లు వరుసగా ఎదురొచ్చే ఆ పుంగనూరు రోడ్డు నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

ఆ తర్వాత మిగిలిన ఉద్యోగమంతా ఒక పద్ధతి పాటించాను. ఎవరికైనా మినహాయింపు ఇవ్వాలనిపిస్తే, ఎవరికి, ఏ బండికి, ఎన్ని గంటల వరకు అని ఒక కాగితం మీద రాసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. రాయడానికి చెయ్యి రాకపోతే, అది ఇవ్వకూడనిదని తెలుసుకుని ఊరుకునేవాణ్ణి. చెయ్యి రాని సందర్భాలే ఎక్కువ.